పెద్ద బల్లి ఏది తీసుకోవాలి: టెగునా, ఇగువానానా, సవానా ఉడుమా? తేల్చుకోలేక చస్తున్నాను

పచ్చతోక:
సాయంత్రం నుంచి ఇదే పని. వీడియోలు చూశాను, పాత చర్చలన్నీ తిరగేశాను. సూటిగా చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు. టెగు కుక్కపిల్లలా వెంట తిరుగుతుందని ఒకరు, వేలు ఊడగొరుకుతుందని ఇంకొకరు. ఇగువానా ఆకులే తింటుంది కాబట్టి సులువని ఒకరంటే, కొత్తవాళ్లు దాని జోలికే పోవద్దని మరొకరు. పోనీ సవానా ఉడుము కాస్త చిన్నది కదా అనుకుంటే, చాలావరకు ఏడాది రెండేళ్లకే చచ్చిపోతాయని రాశారు. నాకు కావలసింది పెద్ద బల్లి, అంతే. గెక్కోల్లాంటి చిన్నాచితకా వద్దు. చేతిలోకి తీసుకునేలా ఉండాలి. ట్యాంక్ ఉంది, బల్బు ఉంది. ఈ మూడింట్లో ఏది? దయచేసి "ముందు బాగా చదువుకో" అని మాత్రం అనకండి, పొద్దుపోయేదాకా చేసింది అదే.

శీతలరక్తం:
మూడూ వద్దు.

పచ్చతోక:
ఎందుకో కూడా చెప్తే బాగుంటుంది అన్నా.

శీతలరక్తం:
ట్యాంక్ ఎంత?

కొలబద్ద:
అసలు "పెద్ద" అంటే ఏమిటో ముందు తేల్చుకోవాలి. ఇగువానా అయిదారు అడుగులు అని అందరూ గొప్పగా రాస్తారు. అందులో మూడింట రెండు వంతులు తోకే. టెగు మగది నాలుగడుగులు దాటుతుంది, దానిదీ సగానికి పైగా తోకే, కానీ ఒళ్లు బలంగా, బరువుగా ఉంటుంది. అందుకే తెలిసినవాళ్లు ముక్కు కొన నుంచి మలద్వారం వరకు కొలుస్తారు. తోక తెగితే పొడవు తగ్గిపోతుంది కాబట్టి మొత్తం పొడవు నమ్మదగిన కొలత కాదు. ఇలా కొలిస్తే బ్లూ టంగ్ స్కింక్ అనే నీలి నాలుక బల్లి కూడా నువ్వనుకున్నంత చిన్నదేం కాదు. మొత్తం రెండడుగుల లోపే ఉన్నా తోక పొట్టి, ఉన్నదంతా ఒళ్లే.

మట్టిగుంత:
కొలబద్ద గారూ, ముక్కు నుంచి మలద్వారం దాకా అనేది పరిశోధకుల కొలత. పెట్టె కట్టించేటప్పుడు తోకను బయట వదిలేయలేం కదా. జంతువు వెనక్కి తిరగాలంటే తోకతో సహా తిరగాలి. పెంచేవాడికి మొత్తం పొడవే లెక్క.

కొలబద్ద:
నేను పెట్టె గురించి మాట్లాడలేదు. జంతువు పరిమాణం గురించి మాట్లాడాను. రెండూ వేరు.

అతినీల:
అదంతా తర్వాత. "బల్బు ఉంది" అన్నాడు చూశారా? ఏ బల్బు? ఇక్కడే సగం బల్లులు పోతాయి. వేడినిచ్చే బల్బు వేరు, యూవీబీ, అంటే ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలనిచ్చే బల్బు వేరు. 280 నుంచి 315 నానోమీటర్ల మధ్య కిరణాలు చర్మం మీద పడితేనే ఒంట్లో విటమిన్ డీ3 తయారవుతుంది. అది లేకపోతే నువ్వెంత కాల్షియం పొడి చల్లినా పేగులు సరిగా పీల్చుకోవు. అప్పుడు శరీరం ఎముకల్లోంచి కాల్షియం లాక్కుంటుంది. వేళ్లు అదురుతాయి, కింది దవడ మెత్తబడుతుంది, తొడలు ఉబ్బుతాయి. చూసేవాళ్లు "బాగా కండపట్టింది" అని మురిసిపోతారు, అది కండ కాదు. టీ5 అనే సన్నటి యూవీబీ ట్యూబ్‌లైట్, పొడుగాటిది పెట్టు. చుట్టల్లాంటి చిన్న బల్బుల వెలుగు చాలా చిన్న జాగాలో పడుతుంది, పెద్ద జంతువుకు సరిపోదు. అద్దం యూవీబీని ఆపేస్తుంది, కాబట్టి కిటికీ అద్దం వెనక ఎండలో పెట్టాను అంటే లెక్కలోకి రాదు. పైన సన్నటి జాలీ ఉంటే అదీ కొంత మింగేస్తుంది. ఇంకోటి, ట్యూబ్ వెలుగుతూనే ఉంటుంది కానీ యూవీబీ తగ్గిపోతూ ఉంటుంది. కంటికి తెలియదు. మీటర్ లేకపోతే ఏడాదికోసారి మార్చేయాలి, కొన్ని రకాలైతే ఆరు నెలలకే. రాత్రిళ్లు ఎర్ర బల్బు పెట్టేవాళ్ల గురించి నేను మాట్లాడను.

పచ్చతోక:
అన్నా నేను అడిగింది బల్బు గురించి కాదు. బల్బు మామూలుదే, టేబుల్ లైట్‌ది.

అతినీల:
అడగకపోవడమే అసలు సమస్య. టేబుల్ లైట్ బల్బు!!

శీతలరక్తం:
ట్యాంక్ ఎంత అని అడిగాను.

పచ్చతోక:
మూడడుగులు. గాజుది. ఇంతకుముందు చేపలుండేవి.

శీతలరక్తం:
అయితే నా జవాబు అదే.

మట్టిగుంత:
తమ్ముడూ, వీళ్ల మాటలకి బెదిరిపోకు. కానీ కొన్ని అడుగుతాను, దాచకుండా చెప్పు. వయసెంత? ఇంట్లో ఇంకెవరున్నారు? నాలుగైదేళ్ల తర్వాత ఎక్కడ ఉంటావు? టెగు గురించి నాకు తెలిసింది చెప్తాను, ఎందుకంటే మా ఇంట్లో ఒకటి ఉంది. గుడ్డులోంచి వచ్చినప్పుడు జానెడు ఉంటుంది. ఏడాది తిరిగేసరికి రెండు మూడడుగులు. పెద్దదానికి కనీసం ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు పెట్టె కావాలి, అందులో తవ్వుకోవడానికి అడుగు లోతు మట్టి పోయాలి. ఆ మట్టి ఎప్పుడూ తడితడిగా ఉండాలి, గాలిలో తేమ 70 శాతానికి తగ్గకూడదు. అంటే ఆ గది ఇక నీది కాదు, దానిది.

వెంట తిరుగుతుందన్న మాట అబద్ధం కాదు. మాది తలుపు చప్పుడైతే వచ్చి గుమ్మం దగ్గర నాలుక ఆడిస్తూ నిలబడుతుంది. కానీ ఆ నాలుక ఏం వెతుకుతోందో నీకు అర్థం కావాలి. గుడ్డు పగలగొట్టిన చేత్తో పెట్టెలోకి వెళ్లావనుకో. ముందు నాలుక ఒకటి రెండు సార్లు మెల్లగా తగులుతుంది, తర్వాత వేగం పెరుగుతుంది, తల కాస్త పక్కకి తిప్పుతుంది, మెడ బిగుస్తుంది. ఆ క్షణంలో అది నిన్ను చూడటం లేదు, తిండిని చూస్తోంది. దానికి కోపమేమీ లేదు. అందుకే మేము పట్టకారుతోనే పెడతాం, ముందు చేతులు కడుక్కుంటాం. పైగా చలికాలంలో నెలల తరబడి మట్టిలోకి దూరి పడుకుంటుంది. తిండి ముట్టదు. మొదటిసారి చూసినవాళ్లకి టెన్షన్ మామూలుగా ఉండదు.

వింత విషయం ఒకటి, ఇది నీ ప్రశ్నకి సంబంధం లేదనుకో: జత కట్టే కాలంలో టెగులు తమ ఒంట్లోనే వేడి పుట్టించుకుంటాయని, తెల్లవారుజామున చుట్టుపక్కల కంటే 10 డిగ్రీల దాకా వెచ్చగా ఉంటాయని 2016లో శాస్త్రవేత్తలు కొలిచి చూపించారు. అంటే శీతలరక్తం గారి పేరు టెగుకి అంత కచ్చితంగా సరిపోదు.

శీతలరక్తం:
ఏడాదంతా కాదు కదా.

పచ్చతోక:
అక్కా, నాకు పదహారు. రెండేళ్లలో హాస్టల్‌కి వెళ్తాను. గది తమ్ముడిది, నాది. వాడికి నాలుగేళ్లు. అమ్మ ఒప్పుకుంది, నాన్నకి ఇంకా చెప్పలేదు. ఇవన్నీ బల్లి ఎంచుకోవడానికి అవసరమా?

ఆకుచాటు:
అవసరమే బాబూ. ఇవి తప్ప ఇంకేం అవసరం? టెగు పదిహేను ఇరవై ఏళ్లు బతుకుతుంది. ఇగువానా కూడా బాగా చూసుకుంటే అంతే. నువ్వు హాస్టల్‌కి వెళ్లేటప్పటికి అది సరిగ్గా పెద్దదై ఉంటుంది. రోజూ ఆకులు తరిగేది, పెట్టె కడిగేది అమ్మా? అమ్మతో ఆ మాట మాట్లాడావా?

నేను ఇగువానాలు పెంచినవాడిని కాబట్టి దాని గురించి. ఆకులు తింటుంది, సులువు అన్నవాళ్లు ఏ ఆకులో చెప్పారా? కాల్షియం భాస్వరానికి రెట్టింపు ఉండేలా చూసుకోవాలి. పాలకూరలో ఉండే ఆగ్జలేట్లు అనే పదార్థాలు ఆ కాల్షియాన్ని కట్టిపడేస్తాయి, ఎప్పుడో కొంచెం పెడితే సరే, రోజూ అదే పెడితే కుదరదు. మాంసం, గుడ్డు, కుక్కల తిండి అస్సలు పెట్టకూడదు. కిడ్నీలు దెబ్బతింటాయి, అది కూడా ఏళ్ల తర్వాత బయటపడుతుంది. పైగా ఇది చెట్టు మీద బతికే జంతువు. దానికి పొడవు కంటే ఎత్తు ముఖ్యం, మనిషి నిలబడేంత ఎత్తు.

ఇక కోపం సంగతి. ఇగువానా చెప్పే కొడుతుంది, మనకే వినడం రాదు. ఒళ్లు పక్కకి తిప్పి సన్నగా, ఎత్తుగా చేసుకుంటుంది. గొంతు కింది తిత్తి దించుతుంది. ఒక కంటితో నిన్నే చూస్తూ తోక వెనక్కి మడుస్తుంది. ఆ తర్వాత పడేది కొరడా దెబ్బే, చర్మం మీద వాత తేలుతుంది. మగది జత కట్టే కాలంలో నారింజ రంగుకి తిరిగి, ఏళ్ల తరబడి చేతిలో పెరిగినది కూడా మీదికి రావచ్చు. నాలుగేళ్ల పిల్లవాడి మొహం ఎంత ఎత్తులో ఉంటుందో ఆలోచించు.

మట్టిగుంత:
పిల్లవాడి సంగతి కొరకడంతో ఆగదు. బల్లులు పైకి ఆరోగ్యంగానే ఉంటూ పేగుల్లో సాల్మొనెల్లా అనే జబ్బు చేసే బ్యాక్టీరియాని మోస్తుంటాయి. అయిదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో సరీసృపాలు వద్దని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. ఏ బల్లి అయినా ఇదే మాట, సైజుతో పని లేదు. వాడికి అయిదు దాటే వరకైనా ఆగు. ఆ తర్వాత కూడా దాని గిన్నె వంటింటి సింకులో కడగకూడదు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు.

పచ్చతోక:
సరే. మరి సవానా? దాని గురించి ఎవరూ చెప్పలేదు. అది మూడడుగులే కదా, ట్యాంక్ కూడా మూడడుగులే.

శీతలరక్తం:
దేవుడా.

కొలబద్ద:
చెప్తాను. సవానా ఉడుము మూడు నుంచి నాలుగడుగులు. అడవిలో అది ఎక్కువగా తినేది పురుగులు, జెర్రులు, నత్తలు. పెంచేవాళ్లేమో ఎలుకలు పెడతారు. కదలడానికి చోటు లేక, కొవ్వు పట్టి, కాలేయం పాడై చచ్చిపోతుంది. నువ్వు చదివిన చావులకి ఇదొక కారణం. రెండోది, రెండడుగుల లోతు మట్టిలో బొరియ తవ్వుకోవాలి. పైన జాలీ ఉన్న గాజు ట్యాంకులో తేమ నిలవదు, ఒంట్లో నీరు తగ్గి జంతువు లోలోపల ఎండిపోతుంది. ఎండ కాచుకునే చోటు 55 నుంచి 65 డిగ్రీలు ఉండాలి.

అతినీల:
65 డిగ్రీలా? జంతువుని వేయించడానికా?

కొలబద్ద:
రాతి పైభాగం వేడి. గాలి వేడి కాదు. పెట్టెలో వేడి చోట గాలి 38, 40 మించక్కర్లేదు.

అతినీల:
అలా అయితే "ఉపరితలం" అని రాయాలి. బాస్కింగ్ ఉష్ణోగ్రత అని రాస్తే పిల్లలు థర్మామీటర్ గోడకి అంటించి 65 వచ్చేదాకా బల్బులు పెంచుతారు.

కొలబద్ద:
నేను బాస్కింగ్ ఉష్ణోగ్రత అనలేదు. "ఎండ కాచుకునే చోటు" అన్నాను. చోటు అంటే చోటే.

అతినీల:
చోటులో గాలి ఉండదా?

ఆకుచాటు:
ఇద్దరూ ఒకటే చెబుతున్నారు, ఆపండి. బాబూ, ఇంకో ముక్క. ఉడుముల జాతి మొత్తం సైటిస్ అనే వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపార ఒప్పందం కింద ఉంది. ఎక్కువ రకాలు రెండో అనుబంధంలో (అనుమతి కాగితాలుంటేనే వ్యాపారం), బెంగాల్ ఉడుము, కొమోడో లాంటివి మొదటి అనుబంధంలో (వ్యాపారం దాదాపు నిషేధం). టెగు, పచ్చ ఇగువానా రెండో అనుబంధంలోనే. కాబట్టి మీ దగ్గర చట్టం ఏమంటుందో ముందు కనుక్కో. కాగితాలు అడుగు. పెంపకంలో పుట్టినదా, అడవిలో పట్టి తెచ్చినదా అని అడుగు. పట్టి తెచ్చిన వాటికి పురుగులు, భయం రెండూ ఉంటాయి. అమ్మేవాడు నసిగితే లేచి వచ్చెయ్. ఇక పెంచలేకపోతే బయట వదిలేద్దాం అనే ఆలోచన ఎవరికైనా ఉంటే, ఫ్లోరిడా సంగతి చదవండి. తప్పించుకున్నవీ వదిలేసినవీ పిల్లల్ని పెట్టి అక్కడే స్థిరపడిపోయాయి. 2021లో ఇగువానాని, టెగుని కలిపి నిషేధిత జాబితాలో పెట్టారు.

పచ్చతోక:
అంటే ఏదీ వద్దనేగా అందరూ అనేది. అలా అని మొదటి నుంచి చెప్పొచ్చు కదా.

శీతలరక్తం:
మొదటి జవాబు చూడు.

మట్టిగుంత:
అలా కాదు తమ్ముడూ. ఇప్పుడు కాదు అంటున్నాం. తమ్ముడు కాస్త పెద్దయ్యాక, నాన్న కూడా ఒప్పుకుంటే, బ్లూ టంగ్ స్కింక్ చూడు. చేతిలో పెట్టుకుంటే బరువు తెలుస్తుంది, చాలావరకు నెమ్మది. ఆకుకూర, పురుగు, గుడ్డు అన్నీ తింటుంది. నాలుగడుగులు బై రెండడుగుల పెట్టె సరిపోతుంది, కాబట్టి హాస్టల్ కాలంలో ఎవరికైనా అప్పగించవచ్చు. అయితే అదీ పదిహేను ఇరవై ఏళ్లే, అదొకటి గుర్తుంచుకో. రెండింటిని కలిపి పెట్టకు, కొట్టుకుంటాయి. ఇండోనేషియా రకాలకి తేమ ఎక్కువ కావాలి, అవి చాలావరకు పట్టి తెచ్చినవే అమ్ముతారు. ఆస్ట్రేలియా తన జంతువుల్ని వ్యాపారానికి బయటికి పంపదు, కాబట్టి ఉత్తర ఆస్ట్రేలియా రకం అంటే సాధారణంగా పెంపకంలో పుట్టినదే. కొత్తవాళ్లకి అదే నయం.

అతినీల:
స్కింక్‌కి కూడా యూవీబీ పెట్టాలి. అక్కర్లేదని రాసే పాత పుస్తకాలు నమ్మకు.

మట్టిగుంత:
లేకుండా డీ3 పొడితో బాగానే పెంచిన వాళ్లున్నారు అతినీల గారూ.

అతినీల:
బతకడం వేరు, బాగా బతకడం వేరు. పొడిలో డీ3 ఎక్కువైతే విషమవుతుంది. ఎండలో ఎక్కువ కాదు, చర్మమే ఆపుకుంటుంది. దీని మీద విడిగా రాస్తాను.

పచ్చతోక:
సరే థాంక్స్. నాన్నని అడిగి చూస్తా. రేపు పరీక్ష ఉంది.

కొలబద్ద:
ఇక్కడెవరైనా తాకకుండా వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ గన్ వాడుతున్నారా? నాది తడి మట్టి మీద, రాయి మీద బాగానే చూపిస్తోంది, మెరిసే లోహపు పళ్లెం మీద పెడితే మాత్రం పది డిగ్రీలు తక్కువ చూపిస్తోంది.

అతినీల:
మెరిసే లోహం మీద ఏ గన్ అయినా అంతే. నల్ల టేపు ముక్క అంటించి దాని మీద కొలవండి.