పాత స్కానర్ కోసం మెయిన్ కంప్యూటర్లో ఎస్ఎంబీ1 తెరవొచ్చా?

బ్రాడీపేట ఆడిటాఫీస్:
గుంటూరు బ్రాడీపేటలో మాది చిన్న ఆడిట్ ఆఫీసు. పాత మల్టీఫంక్షన్ మెషీన్ ఒకటుంది. ఫీడర్లో కాగితాలు పెట్టి బటన్ నొక్కితే, స్కాన్ చేసినవన్నీ మెయిన్ కంప్యూటర్లోని షేర్ ఫోల్డర్లో పడేవి. ఈమధ్య ఆ కంప్యూటర్ మార్చి విండోస్ 11 ప్రో ఉన్న కొత్తది పెట్టాం. అప్పట్నుంచీ స్కాన్ అవుతుంది గానీ ఫైల్ సేవ్ కావడం లేదు, సర్వర్‌కి కనెక్ట్ కాలేదంటోంది. సర్వీసుకి వచ్చిన అబ్బాయి "విండోస్ ఫీచర్స్‌లో ఎస్ఎంబీ1 టిక్ పెడితే సరిపోద్ది సార్" అన్నాడు. ఎస్ఎంబీ1 అంటే నెట్‌వర్క్‌లో ఫోల్డర్లు షేర్ చేసుకునే పాత పద్ధతట. మా జూనియర్ అస్సలు వద్దంటున్నాడు. అదే కంప్యూటర్లో ట్యాలీ, క్లయింట్ల పాన్, ఆధార్ కాపీలు ఉన్నాయి. ఆడిట్ రిపోర్టుల సెప్టెంబరు 30 గడువు దగ్గరికొచ్చింది. తెరవాలా, వద్దా?

పాత మెషీన్ల డాక్టర్:
తెరవండి సార్. గవర్నర్‌పేట, బీసెంట్ రోడ్డు షాపుల్లో ఇలాంటి మెషీన్లు రోజూ చూస్తాను. ఎస్ఎంబీ1 తప్ప ఇంకోటి తెలియని మోడల్స్ ఇంకా చాలా నడుస్తున్నాయి, వాటికి కొత్త ఫర్మ్‌వేర్ (మెషీన్ లోపలి సాఫ్ట్‌వేర్) ఇక రాదు. కాపీ బాగుంది, ప్రింట్ బాగుంది, డ్రమ్ము బాగుంది. అలాంటి మెషీన్‌ని పక్కన పడేసి కొత్తది కొనమని చిన్న షాపాయనకి ఏ నోటితో చెప్పాలి? రౌటర్లో ఈ షేరింగ్ నడిచే 445 పోర్టు బయటికి తెరిచి లేదు. విండోస్ అప్‌డేట్లు పడుతున్నాయి. చాలు.

స్విచ్‌పోర్ట్ బెజవాడ:
ఆడిటాఫీస్ గారూ, తెరవమాకండి. 2017 మే నెలలో ఫైళ్లకి తాళం వేసి డబ్బులడిగే వనాక్రై వైరస్ వచ్చింది గుర్తుందా? మన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పోలీసు కంప్యూటర్లకి కూడా తగిలిందని అప్పట్లో పేపర్లలో వచ్చింది. అది పాకింది ఎస్ఎంబీ1లో ఉన్న లోపం పట్టుకునే. దానికి మైక్రోసాఫ్ట్ ప్యాచ్ అదే ఏడాది మార్చిలోనే ఇచ్చింది. అయినా అప్‌డేట్లు పడుతున్నాయిలే అనుకుని, పడ్డాయో లేదో చూసుకోని ఆఫీసులు ఎన్నో మునిగాయి.

డాక్టర్ గారు రౌటర్ మాట అన్నారు. రౌటర్ ఆపేది బయటి నుంచి వచ్చేదాన్ని. ఎవరో మెయిల్లో వచ్చిన ఇన్వాయిస్ తెరిచి ఒక ల్యాప్‌టాప్ పాడయ్యాక, దానికీ మెయిన్ కంప్యూటర్‌కీ మధ్య రౌటర్ అడ్డు ఉండదు. రెండూ ఒకే స్విచ్చి మీదే కదా. పైగా ఎస్ఎంబీ1కి ఎన్‌క్రిప్షన్ లేదు, అంటే పంపేదాన్ని ఇతరులు చదవకుండా దాచదు. 2017 చివర్లో వచ్చిన విండోస్ 10 1709 నుంచి దాన్ని మామూలుగా ఇన్‌స్టాల్ చెయ్యడమే మానేశారు.

ఇంతకీ మీ సమస్య ఎస్ఎంబీ1 అని ఎవరు తేల్చారు? మెషీన్లో ఏ యూజర్, ఏ పాస్‌వర్డ్ ఇచ్చారో వాటితోనే మీ జూనియర్ ల్యాప్‌టాప్ నుంచి ఆ ఫోల్డర్ తెరిచి చూడండి. తెరుచుకోకపోతే లోపం కొత్త కంప్యూటర్‌ది. నెట్‌వర్క్ పబ్లిక్‌లో ఉంటే ఫైర్‌వాల్ రానివ్వదు. కంప్యూటర్ తెరిచే పిన్ నంబరు ఇక్కడ పాస్‌వర్డుగా పనికిరాదు, కాబట్టి స్కానర్ కోసం లోకల్ యూజర్ విడిగా ఉండాలి. షేరింగ్ పర్మిషన్ ఒక్కటే ఇస్తే చాలదు, సెక్యూరిటీ ట్యాబ్‌లో కూడా ఆ యూజర్‌కి రాసే హక్కు ఇవ్వాలి. మెషీన్ అడ్రస్ బుక్‌లో పాత కంప్యూటర్ ఐపీయే ఉండిపోయిందేమో అదీ చూడండి. ఇంకోటి, విండోస్ 11 24హెచ్2 వెర్షన్ ప్రో అయితే సైనింగ్ (దారిలో ఎవరూ మార్చలేదని చూపే డిజిటల్ సంతకం) తప్పనిసరి. ఎస్ఎంబీ1 తర్వాతి ఎస్ఎంబీ2 వచ్చినా సైనింగ్ రాని మెషీన్ అక్కడ కూడా ఆగిపోతుంది.

పాత మెషీన్ల డాక్టర్:
పరీక్షలు సరైనవే, ఒప్పుకుంటాను. కానీ సైనింగ్ దగ్గర ఆగితే మీరేం చెయ్యమంటారు? సైనింగ్ తీసెయ్యమనేగా. అదీ రక్షణ తగ్గించడమే. అదైతే ఫర్వాలేదు, ఎస్ఎంబీ1 అయితే పాపం అంటే ఎలా?

స్విచ్‌పోర్ట్ బెజవాడ:
రెండూ ఒకటి కావు. సైనింగ్ తప్పనిసరి తీసేసినా వాడేది ఎస్ఎంబీ2, 3లే. 24హెచ్2కి ముందు వరకు మామూలు ఆఫీసులు అలాగే నడిచాయి. అయినా క్లయింట్ల కాగితాలున్న కంప్యూటర్లో అది తియ్యమని కూడా నేను చెప్పను.

మిర్చియార్డ్ లెక్కలు:
మా కమీషన్ కొట్లో తక్‌పట్టీలు (రైతుకి ఇచ్చే సరుకు అమ్మకం చీటీలు) స్కాన్ చేసే మెషీన్‌కీ ఇదే వచ్చింది. మూల పడున్న కంప్యూటర్ ఒకటి తీసి దాంట్లో ఎఫ్‌టీపీ (నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంపే ఇంకో పాత పద్ధతి) పెట్టించాం. బ్రహ్మాండంగా నడుస్తోంది. అంతకుముందు కొన్నాళ్లు పెన్‌డ్రైవ్‌లో స్కాన్ చేశాం. అదే పెన్‌డ్రైవ్ యార్డులో ఎవరెవరి కంప్యూటర్లకో తిరిగొచ్చేది. అంతకన్నా భయం ఇంకోటి లేదు.

పాత మెషీన్ల డాక్టర్:
ఎఫ్‌టీపీలో పాస్‌వర్డ్ దాపరికం లేకుండా వైర్ మీద అలాగే పోతుంది కదండీ?

స్విచ్‌పోర్ట్ బెజవాడ:
పోతుంది. అందుకే ఆ యూజర్‌కి ఒక్క ఫోల్డరే ఇవ్వాలి, ఆ పాస్‌వర్డ్ ఇంకెక్కడా వాడకూడదు. దొంగ చేతికి చిక్కినా దొరికేది ఆ రోజు స్కాన్లే, ట్యాలీ డేటా కాదు.

బ్రాడీపేట ఆడిటాఫీస్:
పరీక్ష చేశాం. మొదట ల్యాప్‌టాప్ నుంచి కూడా తెరుచుకోలేదు. నెట్‌వర్క్‌ని ప్రైవేట్ చేసి, "స్కాన్" అని లోకల్ యూజర్ పెట్టి, రెండు చోట్లా పర్మిషన్ ఇచ్చాక ల్యాప్‌టాప్‌కి తెరుచుకుంది. మెషీన్లో ఐపీ కూడా మార్చాం. అయినా మెషీన్‌ది అదే పాట. మా జూనియర్ విండోస్‌లో జరిగినవి చూపించే ఈవెంట్ వ్యూయర్లో ఎస్ఎంబీ సర్వర్ ఆపరేషనల్ లాగ్ తెరిస్తే, మెషీన్ ప్రయత్నించిన ప్రతిసారీ 1001 నంబరు ఎంట్రీ పడి ఉంది. ఎస్ఎంబీ1తో వచ్చింది కాబట్టి తిప్పి పంపామని దాంట్లో స్పష్టంగా రాసుంది.

పాత మెషీన్ల డాక్టర్:
చెప్పాను కదా సార్, మెషీన్ ఆ కాలందే. ఇప్పుడైనా టిక్ పెట్టండి, గడువు దాటాక మిగతా సంగతి చూద్దురుగాని.

స్విచ్‌పోర్ట్ బెజవాడ:
గడువు దాటాక ఆ టిక్ ఎవరూ తియ్యరు డాక్టర్ గారూ. పని నడుస్తుంటే దాని జోలికి ఎవరు పోతారు? ఆడిటాఫీస్ గారూ, మీ మెషీన్లో ఎఫ్‌టీపీ ఆప్షన్ ఉందేమో చూడండి, పాత వాటిలో చాలావరకు ఉంటుంది. పక్కన వేరే పెట్టె పెట్టండి, మీరు తీసేసిన పాత కంప్యూటరే చాలు. ఒక్కటి మాత్రం గట్టిగా పట్టుకోండి: మెయిన్ కంప్యూటర్ వెళ్లి ఆ పెట్టెలోంచి ఫైళ్లు తెచ్చుకోవాలి. మెయిన్ కంప్యూటర్ పాస్‌వర్డ్ ఏదీ ఆ పెట్టెలో సేవ్ అయి ఉండకూడదు. అప్పుడు పెట్టె పాడైనా లోపలికి దారి దొరకదు.

పాత మెషీన్ల డాక్టర్:
ఆడిటాఫీస్‌కి రెండో కంప్యూటర్ ఉంది కాబట్టి సరే. ఒక్క కంప్యూటర్‌తో నడిచే షాపు సంగతేంటి? మెయిల్‌కి స్కాన్ చేద్దామంటే జీమెయిల్ పాత పద్ధతిలో మామూలు పాస్‌వర్డ్ తీసుకోదు, ఈ మెషీన్లకేమో మెయిల్‌ని భద్రంగా పంపే కొత్త టీఎల్ఎస్ పద్ధతి రాదు.

స్విచ్‌పోర్ట్ బెజవాడ:
ఒక్క కంప్యూటరే ఉంటే స్కానర్‌కి యూఎస్‌బీ కేబుల్ వేసి కంప్యూటర్ నుంచే స్కాన్ చేసుకోవాలి. డ్రైవర్ దొరక్కపోతే పెన్‌డ్రైవే. కానీ అది మెషీన్‌కీ ఆ కంప్యూటర్‌కీ మధ్యే తిరగాలి, గుమ్మం దాటకూడదు.

పాత మెషీన్ల డాక్టర్:
రోజుకి వంద కాగితాలు స్కాన్ చేసే చోట అది జరిగే పని కాదు. అలాంటి షాపుకి నేను ఎస్ఎంబీ1 తెరిచే ఇస్తాను, బ్యాకప్ డ్రైవ్ మాత్రం సాయంత్రం ఊడదీసి బీరువాలో పెట్టుకోమంటాను. ఇక్కడ మీ మాటకి నేను ఒప్పుకోను.

బ్రాడీపేట ఆడిటాఫీస్:
మెషీన్లో ఎఫ్‌టీపీ ఉంది. పాత కంప్యూటర్ ఫార్మాట్ చేయించి దానికే పెడుతున్నాం, మెయిన్ కంప్యూటర్లో ఎస్ఎంబీ1 తెరవడం లేదు. క్లయింట్ల ఆధార్ కాపీలు ఆ పెట్టెలో పోగుపడకుండా ప్రతి సాయంత్రం ఖాళీ చెయ్యమని జూనియర్‌కి చెప్పాను. బ్యాకప్ డ్రైవ్ ఊడదీసే మాట మాకూ పనికొస్తుంది డాక్టర్ గారూ, ఇవాళ్టి నుంచే మొదలుపెడుతున్నాం.