అప్‌డేట్: గ్రో బాక్స్‌లో వేడి తగ్గింది

గ్రో బాక్స్‌లో, అంటే ఎల్ఈడీ లైటు పెట్టి మొక్కలు పెంచే రెండడుగుల ప్లైవుడ్ పెట్టెలో, లెట్యూస్ (సలాడ్ ఆకుకూర) పెంచుతుంటే లోపల 38 డిగ్రీలు దాటి ఆకులు వాడిపోతున్నాయని ఏప్రిల్‌లో ఇక్కడే అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

ఫ్యాన్ దిశ మార్చమన్న మాటే పనిచేసింది. కింద నుంచి లోపలికి ఊదే ఫ్యాన్‌ను తీసి, పైమూలలో గాలిని బయటికి లాగేలా బిగించాను. ఎదురుగా కింద, ఫ్యాన్ కంటే పెద్ద రంధ్రం కోశాను. అంతకుముందు పైకి చేరిన వేడిగాలికి బయటికి దారే లేదు. ఎల్ఈడీ డ్రైవర్‌ను (లైటుకు తగిన కరెంటు అందించే భాగం) కూడా పెట్టె బయటికి మార్చాను, అది బాగా వేడెక్కుతోంది. ఇప్పుడు గది కంటే 2 డిగ్రీలే ఎక్కువ.

ఫ్యాన్ ఎంత తిరిగినా గది వేడి కంటే కిందికి దించలేదు. అందుకే హైదరాబాద్ ఎండలకు లైటు టైమర్‌ను రాత్రికి మార్చాను. లోపల ఐసు సీసాలు పెడితే తేమ చేరడమే తప్ప లాభం లేదు. కొత్త లైటు అవసరమే రాలేదు.