ఐటీఐ షీట్ మెటల్ చేసినవాడికి విమానాల హ్యాంగరా, డాక్‌యార్డా?

మర్రిపాలెం అక్క:
అందరికీ నమస్కారం. మా తమ్ముడు పదో తరగతి తర్వాత ఐటీఐలో షీట్ మెటల్ వర్కర్ ట్రేడు చేశాడు. ఇంటర్ చదవలేదు. ఇప్పుడు రెండు దారులున్నాయి. ఒకటి, ఇక్కడే విశాఖపట్నంలో నేవల్ డాక్‌యార్డ్ అప్రెంటిస్ స్కూలుకి పరీక్ష రాయడం. రెండోది హైదరాబాద్. అక్కడ విమానాలు మరమ్మతు చేసే ఒక హ్యాంగర్లో, స్ట్రక్చర్ (విమానం బాడీ రేకు పని) విభాగంలో అప్రెంటిస్‌గా తీసుకుంటామన్నారు. వాడికి విమానాలంటే ప్రాణం. మా నాన్నగారేమో "అదే రేకుల పని ఇక్కడా ఉంది కదా, ఊరొదిలి ఎందుకు" అంటున్నారు. మావయ్య అయితే లైసెన్స్ రాని పనికి వెళ్లనే వద్దంటున్నారు. ఇంట్లో రోజూ ఇదే గొడవ. ఈ పని తెలిసినవాళ్లు చెప్పండి, ఏది మంచిది?

గోపాలపట్నం కుర్రాడు:
అక్కా, నేను ఆ పనిలోనే ఉన్నాను. మాది గోపాలపట్నం, పని హైదరాబాద్‌లో. పంపించండి అనే నా మాట. అయితే "అదే రేకుల పని" అన్న మాట దగ్గర మాత్రం ఆగాలి. రెండూ ఒకటి కావు.

ఓడలో రేకు పని అంటే ఎక్కువగా గాలి వెళ్లే డక్టులు, లాకర్లు, ఇన్సులేషన్ మీద తొడుగులు. విమానంలో బయటికి కనిపించే రేకే బరువు మోస్తుంది. పైకి వెళ్లినప్పుడు లోపలి గాలి ఒత్తిడికి అది సాగుతుంది, దిగాక మళ్లీ సర్దుకుంటుంది. ఎగిరిన ప్రతిసారీ ఇంతే. ఎక్కడైనా ఒక రంధ్రం సరిగా వెయ్యకపోతే పగులు అక్కడే మొదలవుతుంది.

ఒక్క రివెట్ సంగతి చెప్తాను. ఎనిమిదో వంతు అంగుళం రివెట్‌కి 30 నంబరు డ్రిల్ బిట్ వాడతాం. ఆ రంధ్రం 0.1285 అంగుళాలు, అంటే రివెట్ కన్నా వెంట్రుకవాసి ఎక్కువ. రంధ్రం మధ్య నుంచి రేకు అంచు దాకా కనీసం రివెట్ లావుకి రెండింతలు దూరం ఉండాలి. డ్రిల్ చేశాక అంచున లేచిన బర్ర్ తీసెయ్యాలి. అప్పుడు బయట ఒకరు రివెట్ గన్ పట్టుకుంటారు, లోపల ఇంకొకరు బకింగ్ బార్ అనే ఇనుప దిమ్మ ఆనిస్తారు. ఒకరికొకరు కనపడరు, ఆ మోతలో మాట వినపడదు. అందుకే లోపలివాడు తట్టి చెప్తాడు. ఒకసారి తడితే ఇంకొంచెం కొట్టు, రెండుసార్లు తడితే సరిపోయింది, మూడుసార్లు తడితే పాడైంది, తీసి మళ్లీ వెయ్యి. లోపల నలిగి ఏర్పడిన తల వెడల్పు రివెట్ లావుకి ఒకటిన్నర రెట్లు, ఎత్తు ఆ లావులో సగం రావాలి. గేజ్ పెట్టి చూస్తాం. తేడా వస్తే డ్రిల్ చేసి తీసెయ్యడమే. తీసేటప్పుడు రంధ్రం పెద్దదైపోతే ఇంకో తలనొప్పి.

చేరగానే నేర్పేది ఇంకొకటుంది. రేకు మీద పెన్సిల్‌తో గీత గియ్యకూడదు. పెన్సిల్లోని గ్రాఫైట్‌కి తేమ తోడైతే అల్యూమినియం తినేస్తుంది. గీతకి కూడా లెక్క ఉన్న పని ఇది.

నాన్నగారికి జపాన్ ఎయిర్‌లైన్స్ 123 సంగతి చెప్పండి. 1978లో ఒసాకాలో దిగేటప్పుడు ఆ బోయింగ్ 747 తోక నేలకి రాసుకుంది. వెనకాల ఒత్తిడి ఆపే గోడ దెబ్బతింటే మరమ్మతు చేశారు. అతుక్కి ఒకే పలక వెయ్యాల్సింది, రెండు ముక్కలుగా వేశారు. దాంతో రెండు వరసల రివెట్లు మొయ్యాల్సిన బరువు ఒక్క వరస మీద పడింది. 1985 ఆగస్టు 12న ఆ గోడ పగిలిపోయింది. విమానం కూలి 520 మంది పోయారు. ఇంజన్‌కి ఏమీ కాలేదు, పైలట్ తప్పు లేదు. రేకు పని సరిగ్గా చెయ్యకపోవడం, అంతే. మా తమ్ముడైనా ఈ పనికే పంపుతాను.

మల్కాపురం మావయ్య:
అమ్మా, నేను డాక్‌యార్డులో పనిచేసి రిటైరయ్యాను. ఆ బాబు బాగా రాశాడు, చేతిలో పని ఉందని తెలుస్తోంది. అయినా నేను పంపొద్దనే అంటాను.

పని గొప్పదైతే పనివాడి బతుకు గొప్పదైపోదు. రివెట్ గన్ మోత వంద డెసిబెల్స్ దాటుతుంది. ఎనిమిది గంటల షిఫ్ట్‌కి 85 దాటితేనే చెవికి రక్షణ కావాలంటారు. ఆ అదురుకి ఏళ్లు గడిచేకొద్దీ వేళ్లు తెల్లబడి మొద్దుబారతాయి. తుప్పు పట్టకుండా పూసే ప్రైమర్లో క్రోమేట్ ఉంటుంది, అది క్యాన్సర్ తెచ్చే సరుకు. ఇంధన ట్యాంకుల్లో దూరి పనిచెయ్యాలి. ఇదంతా పరాయి ఊళ్లో, అద్దె గదిలో ఉంటూ, నైట్ షిఫ్టులు చేస్తూ. ఒంట్లో బాగోకపోతే అన్నం పెట్టేవాళ్లెవరు? డాక్‌యార్డు అప్రెంటిస్ అయితే సాయంత్రానికి ఇంటికొస్తాడు, కడుపులో చల్ల కదలకుండా ఉంటాడు. అమ్మానాన్నల్ని చూసుకుంటాడు. ఇది చిన్న విషయం కాదు.

సీతమ్మధార బీ1:
నేను లైసెన్స్ ఉన్న ఏఎమ్ఈని, అంటే విమానాల మెయింటెనెన్స్ ఇంజనీర్‌ని. లైసెన్స్ గురించి మీ ఇంట్లో మావయ్యగారు చెప్పినదాంట్లో సగం నిజముంది. మిగతా సగం కూడా తెలుసుకుంటే మీకు నిర్ణయం తేలికవుతుంది.

మన దేశంలో పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ, కార్-66 అనే నిబంధనల కింద ఇచ్చే లైసెన్సుల్లో షీట్ మెటల్‌కని విడిగా ఏదీ లేదు. విమానం బాడీ, ఇంజన్ అన్నీ బీ1 అనే రకం లైసెన్స్ కిందికే వస్తాయి. స్ట్రక్చర్ మెకానిక్‌కి కంపెనీ తన లోపల ఒక ఆథరైజేషన్ ఇస్తుంది, స్టాంపు ఇస్తుంది. ఉద్యోగం మానేస్తే స్టాంపు తిరిగి ఇచ్చెయ్యాలి. కొత్త చోట మళ్లీ పరీక్ష, మళ్లీ మొదటి నుంచి నమ్మకం సంపాదించుకోవడం. విమానం ఎగరడానికి తయారని చివరి సంతకం పెట్టేది లైసెన్స్‌దారు. జీతంలో తేడా అక్కడే వస్తుంది. గోపాలపట్నం తమ్ముడు నొచ్చుకోవద్దు. ఎంత చెయ్యి తిరిగినవాడైనా చాలామంది పదేళ్లకే ఒక మెట్టు దగ్గర ఆగిపోవడం నేను కళ్లారా చూస్తున్నాను.

ఇంకొకటి, మీ తమ్ముడి విషయంలో అన్నిటికన్నా ముఖ్యమైనది. డీజీసీఏ పరీక్షలు రాయాలంటే ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ ఉండాలి, లేదా ఇంజనీరింగ్ డిప్లొమా ఉండాలి. ఐటీఐ ఒక్కటే ఉంటే కుదరదు. ఇప్పుడు ఆ తలుపు మూసి ఉంది. దాన్ని తెరిచే ఏర్పాటు లేకుండా హ్యాంగర్‌కి పంపితే, ముప్పై ఏళ్లొచ్చాక బాధపడతాడు.

గోపాలపట్నం కుర్రాడు:
నొచ్చుకోలేదు సార్, మీరన్నది నిజమే. సంతకం మాది కాదు. కానీ మీరు సంతకం పెట్టే ముందు టార్చి వేసి చూసేది మేం కొట్టిన వరసనే కదా. పెద్ద డెంట్ పడిందంటే లైసెన్స్ ఉన్నవాళ్లే వచ్చి "నువ్వొకసారి చూడు" అంటారు. స్ట్రక్చర్ రిపేర్ మాన్యువల్ విప్పి, డబ్లర్ (పైన వేసే అతుకు రేకు) ఎంత పొడుగుండాలి, ఎన్ని వరసలు రావాలి, మూల ఎంత గుండ్రంగా తిప్పాలి అని లెక్క వేసుకుని రేకు కత్తిరించేవాడు లేకపోతే ఆ విమానం హ్యాంగర్లోనే ఉండిపోతుంది. లైసెన్స్ లేదు కాబట్టి పనే వద్దనడం నాకు న్యాయంగా అనిపించడం లేదు. స్ట్రక్చర్ వాళ్లకీ ఏదో ఒక గుర్తింపు పత్రం, కంపెనీ మారినా చెల్లేది ఇవ్వాలి అని అడగడం న్యాయం.

మల్కాపురం మావయ్యగారూ, చెవుల మాట నూటికి నూరుపాళ్లు నిజం. ఇయర్ ప్లగ్ మీద ఇయర్ మఫ్ కూడా పెట్టుకుంటాం. పెట్టుకోని సీనియర్లకి టీవీ సౌండ్ ఎంతుందో ఇంట్లోవాళ్లే చెప్తారు. కానీ డాక్‌యార్డులో అప్రెంటిస్ చేసినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చెయ్యరు కదండీ? నోటిఫికేషన్ పడాలి, మళ్లీ పరీక్ష రాయాలి.

మల్కాపురం మావయ్య:
గ్యారంటీ లేదు బాబూ, నేనూ అనలేదు. కానీ డాక్‌యార్డు కాకపోతే షిప్‌యార్డు ఉంది, స్టీల్‌ప్లాంట్ చుట్టూ పనులున్నాయి, అటు పరవాడ, అచ్యుతాపురంలో ఫార్మా కంపెనీల డక్టింగ్ ఉంది. ఊళ్లోనే పది చోట్ల తిరగొచ్చు. విమానం రేకు నేర్చుకున్నవాడికి ఈ ఊళ్లో ఎన్ని తలుపులున్నాయో చెప్పు.

భోగాపురం దగ్గర మాది:
భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరుతో అంత పెద్ద విమానాశ్రయం కడుతున్నారు కదా. ఇక ఊరొదలాల్సిన పనేముంది?

సీతమ్మధార బీ1:
విమానాశ్రయం వేరు, మరమ్మతు హ్యాంగర్ వేరండీ. వచ్చిన విమానాన్ని చూసి, చక్రం మార్చి, ఆయిల్ చూసి పంపించేది లైన్ మెయింటెనెన్స్. దానికి షీట్ మెటల్ వాళ్లు పెద్దగా అక్కర్లేదు. విమానాన్ని వారాల తరబడి నిలబెట్టి, సీట్లు, నేల పలకలు విప్పేసి చేసే సీ-చెక్‌లోనే స్ట్రక్చర్ పని బయటపడుతుంది. అలాంటి హ్యాంగర్ ఇక్కడ తెరిచి పని మొదలుపెట్టేదాకా దాన్ని లెక్కలో వేసుకోవద్దు.

మధురవాడ ఇంజనీర్:
ఎవరూ అడగని ప్రశ్న నేను అడుగుతాను. అసలు లోహపు విమానాలు ఇంకెన్నాళ్లుంటాయి? బోయింగ్ 787 బరువులో సగం, ఎయిర్‌బస్ ఎ350లో 53 శాతం కాంపోజిట్లే, అంటే కార్బన్ పీచు, రెసిన్ కలిపి చేసినవే. ఈ వయసు పిల్లాణ్ణి రివెట్లు నేర్చుకోమనడం సరైన సలహాయేనా?

గోపాలపట్నం కుర్రాడు:
మన దేశంలో ఎగిరేవాటిలో ఎక్కువ భాగం ఏంటో చూడండి సార్. ఎయిర్‌బస్ ఎ320 కుటుంబం, బోయింగ్ 737 కుటుంబం. రెండిటి బాడీలూ అల్యూమినియమే. 2023 జూన్‌లో ఇండిగో ఒక్కటే 500 ఎ320 కుటుంబం విమానాలు ఆర్డరిచ్చింది. అవి వచ్చి, పాతబడి, రిటైరయ్యేసరికి ఈ అబ్బాయి కూడా రిటైర్మెంట్‌కి దగ్గర పడతాడు. కాంపోజిట్ నేర్చుకోవద్దని నేననను, నేర్చుకోవాలి. మా విభాగంలో రెండూ తెలిసినవాడికే విలువ. కానీ అంచు దూరం, భారం ఎటు పోతుందన్న ఆలోచన, చేతి నిదానం, ఇవన్నీ రేకు మీదే వస్తాయి.

డేగా మాజీ:
నేవీలో ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్‌లో పనిచేశాను, ఐఎన్‌ఎస్ డేగాలో (విశాఖలోని నేవీ విమాన స్థావరం) కూడా. ఒక్క మాట చెప్పాలనిపించింది.

మన ఊరి గాలిలో ఉప్పుంది. ఇంటి గ్రిల్లుకి ఎర్ర తుప్పు పడితే కంటికి కనపడుతుంది. అల్యూమినియంకి పట్టే తుప్పు తెల్లటి పొడిలా ఉంటుంది, అదీ రెండు రేకుల అతుకు మధ్య మొదలవుతుంది. పైన పెయింట్ నిగనిగలాడుతూనే ఉంటుంది. ఏటవాలుగా టార్చి వేసి చూస్తే రివెట్ల మధ్య రేకు కొంచెం ఉబ్బినట్టు కనపడుతుంది. అది పట్టుకునే కన్ను రావడానికి ఏళ్లు పడుతుంది. సముద్రం మీద ఎగిరొచ్చిన డోర్నియర్‌ని మంచినీళ్లతో కడగడం కూడా మాకు మరమ్మతంత ముఖ్యమైన పనే.

హవాయి దీవుల మధ్య తిరిగే అలోహా ఎయిర్‌లైన్స్ 737కి 1988 ఏప్రిల్ 28న ఆకాశంలో పైకప్పు ఊడిపోయింది. అప్పటికి అది 89,680 సార్లు ఎగిరింది. చిన్న చిన్న ప్రయాణాలు, చుట్టూ ఉప్పుగాలి. అతుకుల్లో అంటించిన జిగురు విడిపోయి, తుప్పు చేరి, రివెట్ రంధ్రాల దగ్గర పగుళ్లు కలిసిపోయాయి. ఒక ఎయిర్‌హోస్టెస్ చనిపోయారు.

అక్కగారూ, మీ నాన్నగారిని ఒక సాయంత్రం బీచ్ రోడ్డులో టీయూ-142 మ్యూజియంకి తీసుకెళ్లండి. 1988 నుంచి 2017 దాకా నేవీలో పనిచేసిన విమానం అది. రెక్క కింద నిలబడి రివెట్ల వరసలు చూపించండి. ఆ విమానం అన్నేళ్లు సముద్రం మీద ఎగరగలిగిందంటే ఆ వరసల్ని ఎవరో ఓపిగ్గా చూసుకున్నారు. మీ తమ్ముడికి మనసుంటే ఆపొద్దు. మనసు లేకుండా జీతం కోసమే అయితే మాత్రం డాక్‌యార్డే మేలు, ఎందుకంటే ఈ పనిలో విసుగొచ్చినవాడు ప్రమాదం.

మర్రిపాలెం అక్క:
అందరికీ చాలా థాంక్స్. అన్నీ నాన్నగారికి చదివి వినిపించాను. జపాన్ సంగతి విని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇంత బాధ్యత ఉన్న పనికి లైసెన్స్ ఎందుకివ్వరు" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఇంటర్ సంగతి మాత్రం మాకెవరికీ తెలీదు, అది చెప్పిన సార్‌కి ప్రత్యేకంగా థాంక్స్. వాడు డాక్‌యార్డు పరీక్షకి కూడా అప్లై చేస్తానంటున్నాడు. హ్యాంగర్‌వాళ్లకి ఒప్పుకునే ముందు ఏమేం అడగాలి?

సీతమ్మధార బీ1:
అప్రెంటిస్ కాంట్రాక్టు ప్రభుత్వ పోర్టల్లో నమోదు చేస్తారా, చివర్లో జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ పరీక్ష రాయిస్తారా అని అడగండి. నోటిమాట వద్దు. ఈ ఏడే ఓపెన్ స్కూల్లో ఇంటర్ ఎంపీసీ కట్టించండి. షిఫ్టుల మధ్య చదవడం కష్టమే, అయినా తప్పదు. చేసిన ప్రతి పనీ లాగ్‌బుక్‌లో రాసుకుని, ఆ పని చూసిన ఇంజనీర్‌తో అప్పటికప్పుడే సంతకం పెట్టించుకోవాలి. రివెట్లు కొట్టిన అనుభవం ఒక్కటే బీ1కి చాలదు, రకరకాల పనులు చేసినట్టు చూపించాలి. అందుకని వీలైనప్పుడల్లా ల్యాండింగ్ గేర్, కంట్రోల్స్ విభాగాల్లోకి కూడా పంపమని అడుగుతూ ఉండాలి.

గోపాలపట్నం కుర్రాడు:
సెలవు రోజు చూసుకుని వాణ్ణి ఒకసారి హైదరాబాద్ రమ్మనండి అక్కా. హ్యాంగర్ లోపలికి తీసుకెళ్లడం కుదరదు గానీ, మా గదిలో ఉండొచ్చు. షిఫ్ట్ దిగి వచ్చే కుర్రాళ్లతో మాట్లాడితే మంచీ చెడూ రెండూ వాళ్లే చెప్తారు.

మల్కాపురం మావయ్య:
వెళ్లేటట్టయితే చేరకముందే చెవుల పరీక్ష చేయించి ఆ కాగితం ఇంట్లో పెట్టండమ్మా. ఏడాదికోసారి మళ్లీ చేయించి దాంతో పోల్చి చూడండి. డాక్‌యార్డు నోటిఫికేషన్ ఎప్పుడు పడినా ఇక్కడ రాస్తాను.