పెట్రోల్ కారు పొల్యూషన్ టెస్టుల ఫెయిల్: సీఓ 0.9 వచ్చింది, ఏం మార్పియ్యాలె?

ప్రశ్న: అన్నలూ, 2013 మోడల్ పెట్రోల్ కారు, హన్మకొండల రిజిస్ట్రేషన్. సీఓ (కార్బన్ మోనాక్సైడ్) 0.9 శాతం, హెచ్‌సీ (హైడ్రోకార్బన్లు, అంటే కాలని పెట్రోల్) 160 పీపీఎం వచ్చిందని సర్టిఫికెట్ ఇయ్యలే. మైలేజీ కూడ పడిపోయింది. ప్లగ్గులు, కాటలిటిక్ కన్వర్టర్ (సైలెన్సర్ పైపుల పొగను శుభ్రం చేసేది) రెండూ మార్చాలంటుండు మెకానిక్. నిజంగనే అవసరమా?

జవాబు: ముందుగాల ఆర్సీల బీఎస్ (భారత్ స్టేజ్, పొగ ప్రమాణం) ఎంతనో చూడు తమ్మీ. బీఎస్-4 హైదరాబాదుకు 2010ల వచ్చినా, మన దిక్కు 2017 ఏప్రిల్ దాక బీఎస్-3 బండ్లు కూడ రిజిస్టరయినయి. బీఎస్-3కి ఐడ్లింగ్‌ల (బండి ఆగి ఇంజన్ ఉత్తగ నడిచేటప్పుడు) సీఓ 0.5, హెచ్‌సీ 750 దాక నడుస్తది. బీఎస్-4కి 0.3, 200. దానికి 2,500 ఆర్‌పీఎం దగ్గర ఇంకోసారి చూస్తరు. అక్కడ సీఓ 0.2 దాటొద్దు, లాంబ్డా (గాలి, పెట్రోల్ పాళ్ల లెక్క) 0.97 నుంచి 1.03 మధ్యల ఉండాలె. ఏ లెక్కన చూసినా 0.9 ఎక్కువే.

అయితే నీ హెచ్‌సీ తక్కువుంది. ప్లగ్గు సరిగ్గ కొట్టకుంటే కాలని పెట్రోల్ బయటికొచ్చి ముందు హెచ్‌సీయే లేస్తది. అందుకని ప్లగ్గుల జోలికి ఇప్పుడే పోకు. సీఓ ఒక్కటే లేచిందంటే పెట్రోల్ ఎక్కువ పడుతున్నట్టు. దాన్ని సరిచెయ్యకుండ కొత్త కన్వర్టర్ ఏస్తే అది కూడ కరాబైతది. ఎయిర్ ఫిల్టర్ తీసి చూడు. కరీంనగర్ రోడ్డుల గ్రానైట్ లారీల ఎనక తిరిగే బండ్లకు తొందరగ మూసుకపోతది. ఆ తర్వాత ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్ రీడింగులు చూపే మిషన్) పెట్టి, బండి నడుస్తుండంగ కూలెంట్ వేడి, ముందటి ఆక్సిజన్ సెన్సర్ వోల్టేజీ, లూప్ స్టేటస్ (కంప్యూటర్ ఆ సెన్సర్‌ను చూసి పెట్రోల్ సరిచేస్తుందా లేదా అనేది) రాసి ఇక్కడ పెట్టు.

అడిగినాయన: ఫిల్టర్ మంచిగనే ఉంది. కాజీపేట దాక పోయొచ్చినా కూలెంట్ 66 డిగ్రీలు దాటలే. ఓపెన్ లూప్ అనే చూపిస్తుంది. సెన్సర్ 0.8 వోల్టుల కాడ్నే ఆగిపోయింది.

జవాబు: దొరికింది. థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కెదాక కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనియ్యని వాల్వు) తెరుచుకొనే ఉండిపోయింది, లేకుంటే అసలు లేదు. ఎండకాలం ఇంజన్ వేడెక్కుతుందని కొందరు మెకానిక్‌లు దాన్ని తీసి పక్కకు పడేస్తరు. వట్టి తప్పు పని. ఇంజన్ ఇంకా చల్లగనే ఉందనుకొని ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) పెట్రోల్ పెంచుకుంటనే పోతది, సెన్సర్ మాట వినది, అదే ఓపెన్ లూప్. నీ మైలేజీ గందుకే పోయింది.

పొద్దున చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి రేడియేటర్ పై పైపు పట్టుకొని చూడు (ఫ్యాన్‌కు చెయ్యి దూరం). మంచి థర్మోస్టాట్ అయితే పైపు చానాసేపు చల్లగుండి, ఒక్కసారిగ కాలుతది. మొదటి నుంచే మెల్లమెల్లగ గోరువెచ్చగయితే అది పోయినట్టే. కొత్తదాని మీద తెరుచుకునే వేడి 82 డిగ్రీలనో 88 అనో ఉంటది. బిగించే ముందు గిన్నెల నీళ్లు కాగబెట్టి, ఆ వేడి దగ్గర తెరుచుకుంటుందో లేదో చూసుకో. సీల్ కూడ కొత్తదే ఎయ్యి. కూలెంట్ పోసినంక గాలి పూర్తిగ ఎల్లగొట్టాలె. వేడి మీద మూత తియ్యకు.

ఇంకొకరి జవాబు: టెస్టుకు పొయ్యే ముందు ఒక 20 నిమిషాలు రోడ్డు మీద నడపండి, ఉత్త ఐడ్లింగ్‌ల కన్వర్టర్ సరిగ్గ వేడెక్కది. లైన్ల ఉన్నప్పుడు ఇంజన్ ఆపకండి. వంతు రాంగనే రెండు నిమిషాలు 2,500 మీద పట్టి, ఏసీ బంద్ చేసి ఇయ్యండి. ముందురోజు బ్యాటరీ వైరు తియ్యొద్దు, ఈసీయూ నేర్చుకున్నదంత పోతది.

సైలెన్సర్ పైపుకు చిల్లుంటే టెస్టుకు ముందే వెల్డింగ్ చేపియ్యండి. బయటి గాలి లోపలికి గుంజుకొని సీఓ తక్కువ చూపిచ్చినా, బీఎస్-4 బండయితే లాంబ్డా కాడ దొరికిపోతది.