టేకు చేప కరిచిందా, కుట్టిందా, పొడిచిందా?

స్టింగ్‌రేని మనం టేకు చేప అంటాం కదా, దాని తోకముల్లు దిగితే ఏ క్రియ వాడాలండీ? "టేకు చేప కాటు" అని రాస్తున్నారు, నాకెందుకో పొసగట్లేదు. కాటంటే నోటితో వేసేది. దీని నోరు పొట్ట వైపు ఉంటుంది, పీతల్నీ నత్తల్నీ నమలడానికే గానీ మన జోలికి రాదు.

— తేలుకి లాగా తోకలో విషమే కదండీ, కుట్టింది అనేస్తే పోలా? సుమతీ పద్యంలో "తోకనుండు వృశ్చికమునకున్" అనే ఉందిగా.

— పద్యం తేలుకి సరిపోయింది గానీ టేకుకి అతకదు. తేలుకి తోక చివర విషపు తిత్తి ఉంటుంది, కొండి దింపి లోపలికి ఎక్కిస్తుంది. టేకుకి తిత్తీ లేదు, బోలు సూదీ లేదు. ముల్లు కూడా తోక కొసన కాదు, ఇంకా పైన ఉంటుంది, రెండు అంచులకీ రంపం పళ్లు, అవి మొదలు వైపు తిరిగి ఉంటాయి కాబట్టి దిగేటప్పటికన్నా లాగేటప్పుడు ఎక్కువ చీరేస్తుంది. ముల్లు అడుగున రెండు గాడులు, వాటిలో విషం పుట్టే కణజాలం, పైన పల్చటి తోలు తొడుగు. ముల్లు దిగ్గానే తొడుగు చిరిగి విషం గాయంలో కలిసిపోతుంది, అంతే. 2006 సెప్టెంబర్ 4న ఆస్ట్రేలియాలో, టీవీలో మొసళ్ల కార్యక్రమాలు చేసిన స్టీవ్ ఇర్విన్ పోయింది ముల్లు గుండెలో దిగి, దాన్ని "కుట్టింది" అంటే ఏదో చీమ కుట్టినట్టు ఉంటుంది. నా ఓటు పోటుకే.

— పొడిచింది అంటే పనిగట్టుకుని మీదకొచ్చినట్టు లేదూ? అది ఇసక కప్పుకుని పడుకుంటుంది, మనం తొక్కితేనే తోక విసురుతుంది.

— నిజమే, కానీ "గుచ్చుకుంది" అంటే మరీ తుమ్మముల్లు అయిపోతుంది, దాని తోక విసురు లెక్కలోకే రాదు. ఆవుని కెలికితే పొడిచింది అనమూ? అలాగే ఇదీ. నామవాచకం కావాలంటే "టేకు ముల్లుపోటు" బాగుంటుంది.

అన్నట్టు ఆ విషం ప్రోటీన్, వేడికి చెడిపోతుంది, అందుకే కాలికి దిగితే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో, 45 డిగ్రీలు దాటకుండా, ముంచి ఉంచమంటారు. ఛాతీలోనో పొట్టలోనో దిగితే మాత్రం ముల్లు లాగకుండా ఆసుపత్రికి పోవాల్సిందే.