అప్‌డేట్: 1350 అని ఉన్న పాత పేపర్ ముక్క సంగతి తేలింది

తాతయ్య ట్రంకుపెట్టెలో ఉర్దూ పేపర్ ముక్క దొరికింది, 1350 అన్న అంకె తప్ప ఏం అర్థం కావట్లేదు అని అడిగా కదా, మొత్తానికి తేలింది. అందరికీ థాంక్స్, ముఖ్యంగా "అది ఉర్దూ కాదేమో, ఎవరైనా అరబిక్ చెప్పే సార్‌కి చూపించండి" అన్నవాళ్ళకి.

సార్ చూడగానే నవ్వారు. ఉర్దూలో గాంధీ పేరుని గాఫ్ అనే అక్షరంతో రాస్తారు, ఇక్కడ అరబిక్‌లో రాసినట్టు ఘైన్ అనే అక్షరంతో ఉంది, అంటే ఈజిప్ట్ వైపు పేపర్ అయ్యుంటుందన్నారు. నేనేమో 1350ని నిజాం కాలం ఫస్లీ (పన్నుల లెక్కకి వాడిన సంవత్సరం) అనుకుని, 590 కలిపి 1940లో వెతుక్కుంటూ కూర్చున్నా, అది హిజ్రీ (ముస్లిం క్యాలెండర్ సంవత్సరం) అంట, అంటే 1931. ఆ సెప్టెంబర్లోనే గాంధీ లండన్‌లో రౌండ్ టేబుల్ సమావేశానికి రాజ్‌పుతానా ఓడలో ఈజిప్ట్‌లోని సూయజ్ కాలువ మీదుగా వెళ్ళారు.

మధ్యలో గ్యాప్‌తో రెండు వరసలుగా ఉన్నదాన్ని నేను రేట్ల పట్టిక అనుకున్నా, తీరా చూస్తే పద్యం! ఈజిప్ట్ మహాకవి అహ్మద్ షౌకీ గాంధీకి స్వాగతం చెబుతూ రాసింది. అప్పటికి అక్కడ ప్రధాని సిద్కీ పాషా ప్రభుత్వం 1923 రాజ్యాంగాన్ని పక్కనపెట్టి పేపర్ల నోరు నొక్కుతోంది, కాబట్టి గాంధీని పొగడటమంటే ఇంగ్లీషోళ్ళతో పాటు వీళ్ళకీ చురక పెట్టినట్టే అన్నారు సార్.

పేపర్ పేరున్న పైభాగం చిరిగిపోయింది. మీలో కొందరు స్కాన్ క్వాలిటీ పెంచమన్నారు, ఫోటో సెర్చ్ చేయమన్నారు, అవేవీ పనికిరాలేదు. 1350 కనిపిస్తే ముందు ఫస్లీనా హిజ్రీనా చూస్కోండి, నాకు రెండు వారాలు పోయాయి.