అప్‌డేట్: అమ్మమ్మగారి ఊరెళ్లొచ్చాను, సోడాకొట్టు లేదు

పోయిన నెల అడిగాను కదా, పాతికేళ్ల తర్వాత ముమ్మిడివరం దగ్గర అమ్మమ్మగారి ఊరెళ్తున్నా, కాలవగట్టు మీది సోడాకొట్టు ఉంటుందా, అసలు వెళ్లకపోవడమే మంచిదా అని. చాలామంది వెళ్లమన్నారు. ఒకాయన మాత్రం "చూస్తే మనసులో ఉన్నది కూడా పోతుంది" అన్నారు. సగం నిజమే.

కాకినాడ బస్సు యానాం–ఎదుర్లంక వంతెన ఇట్టే దాటేసింది. 2002లో అది రాకముందు గోదావరి దాటించే పంటు పడవ కోసం రేవులో పడిగాపులు. ఆ విసుగు కూడా ఇప్పుడు బాగుందనిపించింది, చిత్రం!

కొట్టు చోట మూడంతస్తుల మేడ, కింద సెల్‌ఫోన్ల షాపు. వీధిలో పెంకుటిళ్లు రెండే మిగిలాయి. రేవుమెట్లు గుర్రపుడెక్కలో సగం మునిగాయి. అమ్మమ్మ ఆ మెట్ల మీదే బిందె ముంచేది. కుండలో పోసి, ఇందుపగింజ అరగదీసి కలిపితే తెల్లారేసరికి ఒండ్రంతా అడుక్కి దిగి నీళ్లు తేటగా ఉండేవి.

మెట్ల దగ్గర నిలబడితే ఆటో ఆగింది. సోడాకొట్టు తాతగారి అబ్బాయి! "మా నాన్న పోయాక మిషను పాతసామాన్లకి ఇచ్చేశానండి, ఆయ్. ఇప్పుడు వాటర్ టిన్నులు వేస్తున్నా" అన్నాడు. కాలవ పక్కనే 20 లీటర్ల టిన్నులు.

ఇంటికి తీసుకెళ్లి గోళీసోడా సీసా ఒకటి చేతిలో పెట్టాడు. ఆకుపచ్చ గాజు, మూతి దగ్గర చిన్న పెచ్చు. ఊపితే గోళీ టకటకమంది. డబ్బులివ్వబోతే కసురుకున్నాడు.

సీసా ఇప్పుడు మా టీవీ పక్కనుంది. గోళీ ఎలా తీయాలని మా అమ్మాయి రోజూ అడుగుతోంది.